దా

జహ్రా ఆసుపత్రిలో, స్పాంజి గోడల గదిలో
మిషారికి నిద్రమందు పోసి తలకు తీగలంటించినారు.
కాగితం మీద గీత లేవలా.
నాకు ముందే తెలుసు.
కుక్కర్ కూసినా తిరగని పిల్లోడు
నేను కాలితో నేల తడితే తిరిగేవాడు.

చెవెనక కోసి, లోపలి నత్తగుల్లలోకి
సన్నతీగ దూర్చినారంట.
నెలకు మిషన్ ఆన్ చేసిన పూట
ఏడ్చి, తన ఏడుపు తనకే వినపడి
ఠక్కున ఆపేసినాడు.

ఈజిప్టు టీచరమ్మ నోటికి బట్ట అడ్డం పెట్టుకొని
ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అంటాది.
వినపడితే బుట్టలో ఒక చెక్కముక్క.
ఇంట్లో అరబ్బీ ఒక్కటే మాట్లాడమంది.
మేడమ్ పొద్దున్నే బ్యాంకుకి పోతాది.
నాకొచ్చిన అరబ్బీ అంతా
ఊడ్చు, ఉతుకు, ఉడకెయ్యి.
దాంతో పిల్లోనితో ఎంతసేపని మాట్లాడేది?
గుండీలు పెడతా, అన్నం కలుపుతా,
రాత్రి మిషన్ తీసి డబ్బాలో ఆరబెట్టేదాకా
రాయచోటి మాటలే పోసినా వాని చెవిలో,
దొంగతనంగా.

మొన్న బుట్ట తోసేసి
వెనక్కి చేయి చాపి అన్నాడు:
"దా."
టీచరమ్మ చప్పట్లు కొట్టింది.
వాళ్ళ ఊరి అరబ్బీలో 'దా' అంటే 'ఇది' అంట.
మొదటి మాట అని ఫైల్లో రాసుకుంది.
ఏది? ఏది? అని
బంతి చూపించింది, లారీ చూపించింది, ఒంటెను కూడా.
వాడు దేన్నీ చూడలా.

తలుపుకాడ స్టూలు మీద నేను,
ఒళ్ళో వాని చెప్పులు.
అలవాటుకొద్దీ కాలు లేచింది నేల తట్టను.
ఆపుకున్నా.
చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని, మెల్లగా,
"వస్తి నాయనా" అన్నా.

తిరిగినాడు.