ఉపేంద్రమ్మ చెప్పిన దోవ

చెనక్కాయ ఆకుల మింద మచ్చలు లెక్కబెట్టేదానికి
సముద్రం దాటి వచ్చినారు ఇద్దరు.
పిల్ల పేరు ఉపెండో. నాకు నోరు తిరగలా,
ఉపేంద్రమ్మా అంటి. పలికింది.
పిల్లోడు రషీదీ. ఎంత పొడుగంటే
షెడ్డులోకి తల వంచుకోనే రావాల.

వాళ్ళది చదువూ పనీ కలిసిన ఆరు నెలలు.
నాది ఉత్త పని, పందొమ్మిదేండ్లు.
నేను కోస్తా, వాళ్ళు లెక్కబెడతారు,
సారు రాసుకుంటాడు.

ఒక ఆదివారం గేటు కాడికొచ్చి
"రెడ్డెమ్మక్కా, ఊరు చూపించు" అనినారు.
సరే అంటి.
బస్సెక్కినాక గుండె దడదడ.
నాకేం తెల్సునని ఈ ఊరు?
పలమనేరు పక్కనించి కూలికొచ్చిన మనిషిని.
కొర్లగుంటలో అద్దిల్లు, ఏడుంబావు బస్సు,
రేషనంగడి, పెద్దాసుపత్రి,
పండగొస్తే ఒకసారి గాంధీ రోడ్డు.
నా తిరుపతి నా చేతిసంచిలో పట్టేంత.

"ఇదేం వీధక్కా?"
"వీధే."
"ఆ గోపురం?"
"దేవుడిది."
రషీదీ ఇంకేం అడగలా, ఫోన్లో పటం తీసినాడు.
నీలం చుక్క, అదే మేమంట.
ఆ చుక్క ఎనకాల ముగ్గురం నడిస్తిమి,
అది నిలబడితే నిలబడితిమి.

యాడ చూసినా గుండ్లే,
చందనం పూసిన గుండ్లు, ఆడోళ్ళవీ, చంటిబిడ్డలవీ.
"అందరికీ ఏం జబ్బు?" అని నా చెయ్యి పట్టుకునింది ఉపేంద్రమ్మ.
జబ్బు కాదమ్మే, జుట్టు ఇచ్చేసినారు.
"ఎవరికి?"
కొండకల్లా చెయ్యి చూపిస్తి.
ఆ పొద్దు కొండ మబ్బులో ఉండాది,
నా ఏలు ఉత్త తెలుపును చూపించింది.
తను ఊరికే జడలు తడుముకునింది.
సన్నసన్న జడలు. నేను ఎంచితే నలభై రెండు.

తిలక్ రోడ్డు ఎనక సందులో, మెట్ల కింద హోటలు.
రాగిసంగటి, ఊరిబిండి.
ఎట్ల తినాలో చెప్దామని నేను నోరు తెరిచేలోగా
రషీదీ ముద్ద తుంచి, బొటనేలితో గుంట పెట్టి,
ఆ గుంటలో బిండి ఎత్తుకోని మింగినాడు.
"ఉగాలి" అనినాడు, కండ్లు మూసుకోని.
వాళ్ళ ఊర్లో అంగడిని దుకా అంటారంట,
చాయిని చాయే అంటారంట.
ఎవురు యాడికి కూలికి పొయ్యి
ఎవురి మాట మూటగట్టుకోని వచ్చినారో.

నాలుగో ఆదివారం, బస్టాండు.
విజయనగరం పక్కోళ్ళు, ఎనిమిది గుండ్లు, మూడు మూటలు.
"గోవిందరాజస్వామి గుడికి ఎటమ్మా?"
అడిగింది నన్ను కాదు, ఉపేంద్రమ్మని!
ఆ పిల్ల రొంతన్నా తడబడలా.
"నేరుగా పొయ్యి, లీలామహల్ కాడ తిరుక్కోండి,
ఇంగా నేరుగా పొండి."
అచ్చం నా సాగదీతే.
వాళ్ళు పోతానే పోయినారు.

రొంచేపటికి రషీదీ పటం చూసి, మెల్లిగా అనినాడు:
"అది కాదు దోవ."

ఆటో ఎక్కి వాళ్ళని ఎతుక్కుంటా పోతిమి.
ఉపేంద్రమ్మ కండ్లనీళ్ళు పెట్టుకునింది.
కడాకి కపిలతీర్థంలో దొరికినారు,
కొండమిందనించి దూకే నీళ్ళ కింద
ఎనిమిది గుండ్లూ తడస్తా.
తను చేతులు జోడించి "తప్పు చెప్పినా" అనింది.
ఆ పెద్దాయన చెవిలో నీళ్ళు దులుపుకోని,
"గోవిందరాజులు రేపూ ఉంతాడు గదేటి,
నువ్వు కూడా దిగమ్మా" అనినాడు.

దిగినాము.
పందొమ్మిదేండ్లు. పనికి పోతా బస్సులోనించి
ఆ కొండ అంచున తెల్లటి గీత చూస్తా ఉంటి.
అది నీళ్ళని ఆ పొద్దు తెలిసింది.

సోమవారం మళ్ళీ మచ్చలే.
నా చెప్పులు ఇంకా ఆరలా, నడిస్తే చప్పుడు చేస్తా ఉండాయి.
ఉపేంద్రమ్మ ఆ చప్పుడుకి నవ్వి, లెక్క తప్పి,
మళ్ళీ ఒకటినించి మొదలుపెట్టింది.