అమా

నీళ్లు ఇక్కడ తొందరగా మరుగుతాయి, కానీ అది వేడి కాదు
అంది సతుర్నీనా మొదటి పొద్దున.
ఇంత ఎత్తులో బుడగలు అబద్ధం చెబుతాయట.
కత్తెర ఇంకో అరగంట కుండలోనే ఉండాలి.
నోటుబుక్కులో రాసుకున్నాను: కత్తెర, అరగంట.
బుడగల సంగతి రాయలేదు.

వాయ్‌రాకాసా. గాలి కనుమ అని అర్థమట.
పెరూ కొండల్లో ఇరవై ఏడు ఇళ్లు, ఒక బడి.
సెలవులకు ఖాళీ అయిన ఆ బడిలో
పన్నెండు రోజులు, గొర్రె తోళ్ల మీద పడకలు.
నార్వే నుంచి సోల్వేగ్, కాంగో నుంచి బెర్నాదెత్,
పట్నం నుంచి నర్సు పిల్లలు ఇద్దరు,
పదకొండేళ్ల లేబర్ రూము అనుభవంతో నేను.
అనుభవం సంగతి నేనే చెప్పాను, ఎవరూ అడక్కముందే.

సతుర్నీనాది క్వెచువా.
యూడిత్ దాన్ని స్పానిష్ చేస్తుంది, సోల్వేగ్ ఇంగ్లీషు చేస్తుంది,
నా దగ్గరికి వచ్చేసరికి మాట
మూడు చేతులు మారిన పసిగుడ్డులా
కొంచెం నలిగి, కొంచెం వెచ్చబడి ఉంటుంది.

రెండో రోజు దుప్పటి పాఠం. నన్నే పడుకోమన్నారు.
నడుం కింద చారల ఉన్ని దుప్పటి, అటొకరు ఇటొకరు,
చేటలో బియ్యం చెరిగినట్టు
నా తుంటి ఎముకలను మెల్లగా ఊపారు.
అడ్డం తిరిగిన బిడ్డకు దారి గుర్తొస్తుందట.
నా లోపల ఏ బిడ్డా లేదు.
అయినా లేచాక చాలాసేపు
కాళ్లు నావి కానట్టు నడిచాను.

నాలుగో రాత్రి పొయ్యి దగ్గర మా సామెత చెప్పాను:
మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి.
అది ఆమెను చేరేలోపు ఒక దుంప ఒలవడం అయిపోయింది.
అప్పుడు నవ్వింది, పళ్లు లేని పక్కను చేత్తో మూసుకుని.
పట్టడానికి అదేమన్నా దొంగా, అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం
నేమెసియా మరిది పరిగెత్తుకొచ్చాడు, వెనకే కుక్క.
మేం వెళ్లేసరికి ఆమె నిలబడే ఉంది, టోపీ కూడా తీయకుండా.
మూలన గినీ పందులు కిచకిచమంటున్నాయి.
మంచం ఎక్కడని నా కళ్లు వెతికాయి.
సతుర్నీనా నా వైపు చూసింది, నా రబ్బరు తొడుగుల వైపు చూసింది.
నువ్వు గుంజవి, అంది.
యూడిత్ తప్పు చెప్పిందనుకున్నాను. లేదు, గుంజనే.

గోడకు వీపు ఆనించి మోకాళ్లు వంచి నిలబడ్డాను.
నేమెసియా నా మెడ పట్టుకుని వేలాడింది.
నాకు కనిపించినవి: ఆమె చెవి,
జడలో ఇరుక్కున్న గడ్డిపోచ,
ఎదురు గోడ మీద ఎప్పటిదో కేలండరు, జూలై నెల.
రెండు వేల పైచిలుకు కాన్పులు చూశాను.
ఇది చూడలేదు.
బరువు మాత్రం తెలిసింది,
మెడలో మొదలై వెన్నులోకి దిగి
మడమల దగ్గర ఆగి, మళ్లీ పైకెక్కే బరువు.

ముక్కు, ముక్కు అని అరిచే గొంతు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, నాది.
అది నాలుక దాకా వచ్చి నిలబడిపోయింది.
కింద నుంచి సతుర్నీనా
గొర్రెపిల్లతో మాట్లాడినట్టు
అమా, అమా, అంటోంది.
నాకు కళ్లు నిండాయి.
ఇంత దూరాన కూడా అమ్మనే తలుచుకుంటారు కదా అని.

బిడ్డ ఏడుపు కంటే ముందు నా కడుపుకు తెలిసింది,
నాకు ఆనుకుని ఉన్న గట్టి పొట్ట
ఒక్కసారిగా మెత్తబడి.
ఆడపిల్ల.

సాయంత్రం యూడిత్‌ను అడిగాను.
అమ్మ కాదు, అంది. అమా అంటే వద్దు.
అమా మంచకుయ్‌చు, భయపడొద్దు.
ముసలామె సగమే అంటుంది, మిగతాది వాళ్లకు తెలుసు.

వద్దు.

ఆ రాత్రి గొర్రె తోలు గుచ్చుకుంది.
మా వార్డులో ఇనుప బల్ల మీద వెల్లకిలా
అమ్మా, అమ్మా, అని ఎందరో.
అప్పుడు బాగుందా, అని నోరు జారి
తొడ మీద చరిచిన చెయ్యి ఇదే,
ఇప్పుడు చంకలో ముడుచుకుని పడుకుంది.
వాళ్లు ఏ భాషలో పిలిచారో.
నేను ఏ భాషలో విన్నానో.

పొద్దున మెడ తిప్పలేకపోయాను.
నేమెసియా అత్త ఒక బుట్ట నల్ల దుంపలు పంపింది.
ఎవరికని అడిగితే
గుంజకట.
మట్టి దులిపి, ఒలుస్తూ కూర్చున్నాను.