మొదటిది ముగించకు

మెర్రీ క్రీక్ ఒడ్డున, వంతెన కింద,
సిమెంటు గచ్చు మీద బుధవారం సాయంత్రాలు.

నెరిడా మెల్‌బోర్న్‌లో ట్రామ్ నడుపుతుంది.
తెల్లారి నాలుగున్నరకి డిపోలో సంతకం పెట్టి
మధ్యాహ్నానికి ఇల్లు చేరి
కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చునే మనిషి.
యాభై రెండేళ్ళు.
తుంటి ఎముక మీద నేరేడుపండు రంగు కమిలిన మచ్చ,
అడక్కపోయినా చూపిస్తుంది.

హూప్ అంటే పెద్ద వస్తువేం కాదు.
తోటలకు నీళ్ళు పెట్టే నల్ల పైపు,
కొసలు వేడిచేసి ఒకదానిలోకొకటి దూర్చి
పైన గుడ్డ టేపు చుట్టింది టాంసిన్.
తలా ఒకటి ఇచ్చి, సొంత కూతుర్ని అప్పగించినట్టు
జాగ్రత్తలు చెప్పింది.

నడుము మీద తిప్పడం మూడు వారాల్లో వచ్చింది.
మోకాళ్ళ మీద, జూన్ చలిలో, పళ్ళు కొరుక్కుంటూ వచ్చింది.
తల పైన గొడుగులా చేత్తో తిప్పడం, అదీ వచ్చింది.
రానిదల్లా
ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పోవడం.

అక్కడ ఏదో తెగుతుంది.
నడుము ఆగుతుంది, చెయ్యి తడుముకుంటుంది,
హూప్ డొక్కలో పొడిచి, మోకాలి చిప్పను తట్టి,
గచ్చు మీద తాగినవాడిలా రెండు చుట్లు చుట్టి
సైకిళ్ళ దారివైపు దొర్లిపోతుంది.
ఆ వేళకి అటుగా పోయే పెద్దాయన ఒకడున్నాడు, బ్రూనో.
బ్రేకు వేస్తాడు, ఒక కాలు నేలకానిస్తాడు, తీసి ఇస్తాడు.
ఏమీ అనడు.
ఏదైనా అన్నా బాగుండేది.

"నువ్వు ముగిస్తున్నావు," అంది టాంసిన్.
"మొదటిది శుభ్రంగా ముగించి, ఊపిరి పీల్చుకుని,
అప్పుడు రెండోది ఎత్తుకుంటున్నావు.
ముగించకు."

ముగించకపోతే ఎలా?
ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఉద్యోగమే ఆపడం.
గంట, స్టాపు, తలుపు.
గంట, స్టాపు, తలుపు.

ఈ సంగతి తెలుగులో చెబుతున్నాను కనక
నాకు వేరేది గుర్తొస్తోంది:
వాడు, ఎక్కడ, అని ఎడంగా నిలబడ్డ రెండు మాటలు
వాడెక్కడ అయ్యే చోట
చివరి అచ్చు తనంతట తాను తప్పుకుంటుంది.
ఆ చిన్న ఉకారం ఏమైపోయిందని
ఏ నాలుకా వెతకదు.
నెరిడాకి ఇది చెప్పలేను.
చెప్పినా, ఆమె అడిగేది చెయ్యి ఎక్కడ పెట్టాలని.

చెయ్యి ముందే లోపలుండాలి.
హూప్ ఇంకా నడుమునే నమ్ముకుని తిరుగుతుండగా
అరచెయ్యి పొట్టకి పక్కన, వలయం లోపల,
వేళ్ళు కిందికి వాల్చి కాచుకుని ఉండాలి.
లాక్కోకూడదు.
వచ్చేది వచ్చి చేతికెక్కుతుంది.
మనిషి కూడా దానితోపాటు అదే వైపు
ఒక్క పాదం తిరిగితే చాలు,
హూప్ నెమ్మదించినట్టుంటుంది,
పక్క పట్టాల మీద సరిగ్గా మన వేగంతోనే పోయే ట్రామ్‌లో
కిటికీకి ముక్కు నొక్కిన పిల్లాడి ముఖం
కదలకుండా నిలిచినట్టు.

ఈ ట్రామ్ పోలిక నాది కాదు, ఆమెదే.
గురువారం చీకటితో, పట్టాలు చీలే కూడలి దగ్గర
ముందు చక్రాలు కొత్త దారి పట్టాయి,
వెనక చక్రాలు ఇంకా పాతదాని మీదే ఉన్నాయి.
ఆ నడిమి క్షణంలో బండి ఏ దారిదీ కాదు.
లోపల నలభై మంది,
ఒక్కరూ ఫోన్లోంచి తలెత్తలేదు.
ఇన్నేళ్ళుగా రోజుకి పన్నెండుసార్లు చేస్తున్న పని.

మళ్ళీ బుధవారం.
వాన వెలిసి గచ్చు ఇంకా చెమ్మగా ఉంది.
ఆరుసార్లు పడింది.
ఏడోసారి చెయ్యి ఎప్పుడు లోపలికెళ్ళిందో ఆమెకి తెలీదు.
నడుము మీది వలయం వాలి, లేచి, మోచేతిని దాటి
తల పైన తిరుగుతోంది.
ఎక్కడ మారిందో టాంసిన్ కూడా పట్టుకోలేకపోయింది.

దారి మీద బ్రూనో, అలవాటు కొద్దీ బ్రేకు వేసి,
కాలు నేలకానించి, చెయ్యి ముందే చాపేశాడు.
దొర్లి వచ్చేదేమీ లేదు.
చాపిన చేతిని ఏం చేసుకోవాలో తోచక
సైకిలు గంట కొట్టాడు.

గంట వినగానే
నెరిడా ఆగిపోయింది.