మూడు–సున్నా దగ్గర

మంగళవారం పొద్దున్నే
గార్బట్ గారి ఎడమ పాదానికి కట్టు మార్చాలి.
మిడిల్స్‌బ్రోలో వాన
జీతం తీసుకున్నట్టే పడుతుంది.
సంచీలో గాజుగుడ్డ, సెలైన్, కత్తెర.
కారు దిగితే
పక్కింటి పచ్చికలో అరచేతంత కంచు,
దాని మీద బూటు మేకుల గుర్తులు.
"తొక్కకు" అని కిటికీలోంచి కేక.
"అక్కడ గోల్ ఉంది."

మొదటిసారి నవ్వాను.
నేను చూసిన ఆటల్లో
గీత మట్టిలో గీస్తారు,
సాయంత్రానికి పశువులు తొక్కి చెరిపేస్తాయి.
ఇక్కడ స్టేడియం కూల్చి ఇళ్ళు కట్టారట,
గోల్‌ని మాత్రం కూల్చలేకపోయారట.

స్టూలు మీద కాలు చాపి మొదలెడతాడు.
అరవై ఆరు, జూలై పందొమ్మిది.
తనకి పన్నెండేళ్ళు.
నాన్న ఉక్కు కొలిమిలో షిఫ్టు దిగి
మొహమైనా కడుక్కోకుండా వచ్చాడు.
ఉత్తర కొరియా వాళ్ళు
మా అమ్మ భుజం దాకా కూడా లేరంటాడు.
ఎర్ర చొక్కాలు.
ఈ ఊరి జట్టుదీ అదే రంగు,
ఇంకేం కావాలి?
పేర్లు ఎవరికీ నోరు తిరగక
అందర్నీ "మనోడు" అన్నారట.
ఆయన అనేది ఇంగ్లీషులోనే,
నాకు మాత్రం తెలుగులో వినపడుతుంది.
(నా పేరు నాగమల్లీశ్వరి.
ఆయనకి నేను "మాలీ".)

అవతల ఇటలీ. దువ్విన జుట్లు,
బీమా చేయించినట్టుండే కాళ్ళు.
నేను పాత కట్టు విప్పుతాను.
రెండు వేళ్ళు ఎప్పుడో పోయాయి,
మూడోది నల్లబడుతోంది.
"నలభై రెండో నిమిషం" అంటాడు పళ్ళు బిగించి,
నొప్పికో, గోలుకో.
బంతి నేలని తాకి లేచింది,
పరుగున వచ్చిన మనోడు
అడ్డంగా కొట్టాడు.
వల ఊగింది.
అంతే, ఒక్కటే.
మిగతా ఆటంతా గడియారంతో ఆడారట.
విజిల్ పడగానే నాన్న తనని ఎత్తి
కంచె మీద నిలబెట్టాడు.
చొక్కాకి రెండు పక్కలా మసి చేతులు.
వారం దాకా ఉతకనివ్వలేదట.
ఓడినవాళ్ళని ఇంటి దగ్గర
టమాటాలతో కొట్టారని చెప్పి
"పాపం, మంచి టమాటాలు" అంటాడు.

తర్వాత లివర్‌పూల్.
రైళ్ళెక్కి ఊరు కదిలింది.
పోర్చుగల్‌తో ఆట.
మొదటి నిమిషంలోనే ఒకటి,
కాసేపటికి రెండు,
ఊపిరి తీసుకునేలోగా మూడు.
ఇరవై అయిదు నిమిషాలకి మూడు–సున్నా!

అక్కడ ఆపేస్తాడు.
ప్రతి మంగళవారం అక్కడే.
"టీ పెట్టనా?" అంటాడు, లేవలేని మనిషి.

ఒక రాత్రి ఇంట్లో ఫోన్‌లో చూశాను
తర్వాతేమైందో.
అయిదు–మూడు.
ఎవరిదో అల్మారా తెరిచినట్టనిపించి
ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఈ మంగళవారం సంచీలో
సర్జన్ ఉత్తరం నకలు కూడా ఉంది.
ఆయన కాపీ ఇంకా పోస్టులోనే.
వేలు కాదు, మోకాలి కింద దాకా అంటున్నారు.
"ఎలా ఉంది?" అన్నాడు, పాదం కేసి చూడకుండా.
కట్టు చివర అతికిస్తూ
"కథ ఎక్కడ ఆపారు?" అన్నాను.
"మూడు–సున్నా."
"ఎన్నో నిమిషం?"
"ఇరవై అయిదు."
"అయితే ఇంకా బోలెడు టైముంది."

అనేశాక నాలుక కరుచుకున్నాను.
కిటికీకి వాన కొట్టుకుంటోంది.
"చూశావన్నమాట" అన్నాడు.
కోపం లేదు.
"మా నాన్న ఆ రాత్రి రైల్లో
ఒక్క మాట మాట్లాడలేదు.
దిగే ముందు మాత్రం అన్నాడు:
వేసిన మూడూ వేసినట్టే రా, వెనక్కి తీసుకోరు."

చేయి చాపాడు.
"టీ తర్వాత తాగుదాం.
ముందు ఆ ఉత్తరం ఇటివ్వు, మాలీ."

బయటికొస్తే
పక్కింటి పిల్ల సైకిలు
సరిగ్గా ఆ కంచు మీద పడి ఉంది.
ఎత్తి గోడకి ఆనించాను.
మేకుల గుంటల్లో నీళ్ళు.
కారు తాళాలు
ఆయన టేబుల్ మీదే మర్చిపోయాను.