తడిగుడ్డ

వల్పరాయిసోలో దక్షిణపు గాలి మట్టిని బతకనివ్వదు.
గంటకోసారి తడిగుడ్డ మార్చకపోతే
చెవి దగ్గర మొదలై దవడ దాకా నెర్రె.

ఆ రాత్రి నీకు జ్వరం, నవెల్.
నాలుగేళ్ళవాడివి, పెనంలా కాలుతున్నావు.
కొండమీద కుళాయి దారంలా కారుతోంది.
ఇంట్లో మెత్తని గుడ్డ ఒక్కటే.

పక్కింటి ఎర్మెలిందా అంది:
"మట్టిదేముంది, మళ్ళీ పిసుక్కోవచ్చు."
పిసుక్కోవచ్చు. నిజమే.
రేవు సంతలో చేపలు కోసే ముసలామె ముఖం కోసం
పదకొండు నెలలు తడుముకుంటే
ముందురోజే, కింది పెదవి దగ్గర, దొరికింది.
అది ఆమెకెలా చెప్పను?

గుడ్డ నీ నుదుటిమీదే వేశాను.
అమ్మను కదా.
వేశాక నా చేతులు వాటంతటవే
నీ కనుబొమ ఎముకను కొలిచాయి,
బొటనవేలితో, మట్టిని కొలిచినట్టే.
సిగ్గేసింది. ఆపలేదు.

ఇప్పుడు నువ్వు రేవులో క్రేను నడుపుతావు.
ఆదివారం వచ్చి, రొట్టె నములుతూ,
అరలో బీటలు వారిన తలను చూసి
"ఏ కాలం నాటిదే అమ్మా ఇది?" అంటావు.
పాతదిరా, అంటాను.

తెల్లారేలోగా మూడుసార్లు లేచాను, నవెల్.
రెండుసార్లు నీకోసం.