తేరేదాకా

మూడు కొటేషన్లు టేబుల్ మీద,
వాటి మీద సేటు కళ్లద్దాలు.
"మొగిలన్నా, ఏది తీసుకుందాం?
టవర్ సంగతి నీకంటె ఎవలకెరుక?"
పద్దెనిమిదేండ్లల్ల నన్నొక మాట అడుగుడు
ఇదే మొదలు.

మొదటాయన ఇన్‌షర్టు చేసుకొని వచ్చిండు.
నీళ్లను గిర్రున తిప్పుతదట మిషను,
బరువున్నది అడుగుకు జారుతదట.
ఎసరు మసులుతుంటె అమ్మ బియ్యం గాలిచ్చినట్టు.
గది నాకు సమజైంది.

రెండో ఆయన చేతిల ప్లాస్టిక్ బిళ్లల దొంతర,
దుకాణంల గాజుల లెక్క ఒకదానికొకటి ఆనుకొని.
సందుల నుంచి నీళ్లు దూరుతయ్,
మన్ను బయటనే నిలవడతదన్నడు.

మూడోది ఇసుక. ఉత్త ఇసుక.
ఇనుప డ్రమ్ముల నింపిన వాగు ముక్క.
చెలిమె తోడి, ఊరేదాకా ఆగి,
దోసిటితోని తాగి పెరిగినోనికి
దాని గురించి వేరే చెప్పాల్నా?

రేట్లు ముగ్గురూ చెప్పిన్రు.
మా నీళ్లల్ల ఏమున్నదని
ఒక్కలూ అడుగలే.

రాత్రి డ్యూటీల టవర్ ఎక్కిన.
ఏనుమాముల ఇంకా పండలే,
మిర్చి సీజను, గేటు దాకా ట్రాక్టర్ల బారు.
తొట్లె చెయ్యి పెట్టి
ఖాళీ సీసా ఒకటి నిండ ముంచిన.
బిరడ పెట్టి, ఊపి,
కంప్రెసర్ రూము కిటికీల నిలవెట్టిన.
ఇగ కూసున్న.

నీళ్లు తేరుతుంటె చూసుడు
పసిపిల్ల నిద్రవోతుంటె చూసినట్టే.
నువ్వు చేసేదేం లేదు,
లేసి పోబుద్ధి కాదు.

తెల్లారేసరికి సీసా అంతస్తుల ఇల్లయింది.
అడుగున బూడిదరంగు క్వారీ దుమ్ము.
దాని మీద సన్నగ, ఎర్రగ, మిర్చి.
తేజనో చపాటనో
ఇప్పుడది చెప్పే స్థితిల లేదు.
మీద, మునుగక తేలక,
పత్తి.
రోడ్డవతల జిన్నింగు మిల్లు నుంచి
గాలికొచ్చిన నూగు.

తిప్పేదానికి పత్తి చిక్కది, దానికి బరువెక్కడిది?
బిళ్లల సందుల దారమై పేనుకుంటది,
దినాం ఇప్పి చిక్కు తీసుడు నా గోర్లకే.
ఇసుక పడుతది, అన్నిటినీ పడుతది,
కానీ దాని కడుపు కడుగ దినాం ట్యాంకెడు కావాలె.
మే నెలల మా బోరు దగ్గుడు
నేను చెవులార ఇన్న.

ఇంకోటుంది.
పైన తేరిన తేట నీళ్లు, స్టీలు మూతల ఇంత పోసి
హీటర్ మీద పెట్టిన.
నీళ్లు పోయినయ్.
తెల్లటి నెలవంక మిగిలింది.
కండెన్సర్ గొట్టాలల్ల రాయై
ఏటా నాతోని సలాక పట్టిచ్చేది గిదే.
కరిగినదాన్ని ఏ జల్లెడా పట్టది.

పొద్దుగాల చెప్పిన:
ముందుగాల టవర్ చుట్టు దోమతెర కడదాం,
పత్తి ఆడనే ఆగుతది.
వారానికోపారి దులుపుడు నా జిమ్మ.
ఇసుకది చిన్నదే చాలు,
తిరిగే నీళ్లల్ల పదో వంతు మళ్లిచ్చి
కడిగి మళ్ల తొట్లె పోసేటిది.
ఉప్పు సంగతి వేరే, దానికి వేరే మిషను,
దాని ఖర్చు అడిగితె చెప్త.

సేటు అడుగలే.
దోమతెర గజం ఎంతనో అడిగి
ఇసుక కాయితం మీద సంతకం పెట్టిండు.

తెర కుట్ట జైతున్‌బీ వచ్చింది,
సీజనంత తొడిమెలు తీసే చేతులు.
"ఇంత పెద్ద తెర ఎవలకు?"
"నీళ్లకు."
నవ్వబోతే దగ్గొచ్చింది,
శానసేపు తగ్గలే.
చీకటి పడంగ మిషను మూసి,
మిగిలిన ముక్క నాలుగు మడతలేసి
మూతికి కట్టుకొని
మిర్చి షెడ్డు దిక్కు నడిసింది.

సీసా ఇంకా కిటికీలనే ఉంది.
ఎవలూ ఊపద్దని
సుద్దముక్కతోని రాసిపెట్టిన.