ఇక్కడెవరూ తినని గడ్డ

మైదుకూరు దోవలో రేకుల షెడ్డు.
నేను గోతాల మీద అచ్చేసేవాణ్ణి.
రేకులో కోసిన అక్షరాల మీద నల్లరంగు రుద్దితే
పినాంగు అని పడుతుంది.
ఆ ఊరెట్లుంటుందో నాకు తెలీదు,
వానెక్కువంట.

మా కృష్ణాపురం ఎర్రగడ్డ చిన్నది, గోళీకి అన్న.
ఘాటు మాత్రం ఓబుళక్క నోరంత.
ఇక్కడెవరూ తినరు దాన్ని.
తినని గడ్డను పండించేది
చూడనోళ్ల కూర కోసం.
ఇదేం యవ్వారమప్పా అని తాతలనాడే నవ్వినారంట,
నవ్వుతానే నాటినారు.

ఒక రాత్రి టీవీలో చెప్పినారు:
ఎగుమతి బంద్.
ఢిల్లీలో ఎర్రగడ్డ ధర మండుతోందంట.
ఆ మంటకూ మా గడ్డకూ చుట్టరికం లేదని
ఎవరికి చెప్పేది?
వాళ్ల కాయితంలో ఎర్రగడ్డంటే ఎర్రగడ్డే.

మూడోనాటికి షెడ్డులో వాసన తిరిగింది.
ఆరోనాటికి గోతాల అడుగున నీళ్లు.
నేనేసిన అచ్చు కరిగి
పినాంగు నా కాళ్ల కింద పారింది.

అక్క మనవరాలు శేషవేణి పుస్తకం తీసి చదివింది:
"స్వేచ్ఛా వాణిజ్యం అనగా
దేశాల మధ్య సరుకులు అడ్డు లేకుండా నడుచుట."

"అడ్డు లేకుండానే వచ్చె గదా పామాయిలు"
అన్నాడు అక్క తమ్ముడు పుల్లన్న,
కదిరిలో గానుగమిల్లు మూసేసినోడు.
"నా శెనక్కాయ నూనెను నట్టింట్లోంచి నెట్టి కూర్చునె.
ఒక అడ్డు కట్టు సామీ అని నేను మొక్కితి."
"అడ్డు తియ్యి సామీ అని నేను మొక్కుతాండా"
అనింది అక్క.

ఒకే కడుపున పుట్టినోళ్లు,
ఒకే దేవునికి,
ఒకే రేవు గురించి.
ఆయప్ప మాత్రం ఏం చేస్తాడు, పాపం.

పాప పుస్తకం మూసింది.
పరీక్షలో రెండు మార్కులంట ఆ ప్రశ్నకు.

పొద్దు గూకినాక అక్క పొయ్యి వెలిగించింది.
అంగట్లో చౌకగా దొరికే నూనె ప్యాకెట్టు
పంటితో చించి బాండ్లిలో పోసింది.
పుల్లన్న చూసినాడు, ఏమీ అనలేదు.
కుళ్లనివి ఏరి నాలుగు గడ్డలు తరిగింది.
ఆ నూనె వచ్చింది ఆ దిక్కు నుంచే,
ఈ గడ్డ పోవాల్సింది ఆ దిక్కుకే.
సముద్రం మీద ఎదురుపడాల్సినోళ్లు
ఇనప బాండ్లిలో కలిసి చిటపటమన్నారు.

అందరికీ కండ్లలో నీళ్లు.
"గడ్డ ఘాటులే" అన్నాడు పుల్లన్న
మొకం తిప్పుకొని.
నా వేళ్లకింకా నల్లరంగు,
తుడుచుకుంటే చెంపకంటింది.

బువ్వలో కలుపుకొని తిన్యాము.
మేం పండించేది నోట పెట్టి చూసింది
ఆ రాత్రే మొదలు.
ఘాటు దిగినాక, వెనక, సన్నగా
తీపుంది.
పినాంగోళ్లకు ముందే తెలుసు.